గిరీశం మాటలు గురజాడ మాటలేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాలేజీలో 'గురజాడ హాస్యం, జీవిత సత్యాలు' మీద అయిదు నిమిషాలు మాట్లాడాలట. వాట్సాప్‌లో వచ్చిన సూక్తులన్నీ రాసుకుంది, మొదటిది "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్". అది గురజాడ సూక్తి కాదమ్మా అన్నారు మా మామయ్యగారు. మరెవరిది? పిల్ల టెన్షన్ పడుతోంది.
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ మామయ్యగారు చెప్పిందే రైటండీ. రాసింది గురజాడే, కానీ 'కన్యాశుల్కం'లో ఆ మాట అనేది గిరీశం. ఎప్పుడంటాడో చూడండి. పరీక్ష తప్పి, ఇంటికెళ్తే తండ్రి ఏమంటాడోనని హడలిపోతున్న శిష్యుడు వెంకటేశం, మీవల్ల నాకు అబ్బింది చుట్ట కాల్చడం ఒక్కటే అని దెప్పుతాడు, దానికి తడుముకోకుండా వచ్చిన జవాబు అది. ముందు ఆ చుట్ట సంగతి చెప్పకుండా ఈ ఒక్క ముక్కే చెబితే గిరీశం పెద్ద జ్ఞాని అయిపోతాడు, గురజాడ పడ్డ శ్రమంతా పోతుంది.

నాటకం మొదట ఆడింది 1892లో, విజయనగరంలో. 1897లో అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు, అమ్మాయి చేత అది తప్పకుండా చదివించండి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో డబ్బు తీసుకుని ఆడపిల్లకి చేసిన పెళ్లిళ్లని విజయనగరం మహారాజు లెక్క కట్టిస్తే 1,034 తేలాయట. అయిదేళ్ల పిల్లలు 99 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ఖరీదు 350 నుంచి 400 రూపాయలు! ఇది చదివాక, నాటకంలో ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్ల సుబ్బిని కట్టబెట్టే బేరం దగ్గర నాకు నవ్వు వస్తూనే గొంతు పట్టేస్తుంది.

తెలివైన మాట కావాలంటే మధురవాణి దగ్గర వెతకమనండి. చివర్లో వకీలు సౌజన్యారావు పంతులుగారికి సాయం చేయడానికి ముద్దు బేరం పెట్టి, ఆయన ఒప్పుకోబోయేసరికి తానే వద్దంటుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని వాళ్లమ్మ చెప్పిందట! ఊరంతా వేశ్య అనే మనిషి నోట ఆ మాట పెట్టాడు మహానుభావుడు.

పుస్తకం ఇంట్లో లేకపోతే బెజవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో అడగండి. అయిదు నిమిషాలకి సూక్తులు పది అక్కర్లేదు, చుట్ట సీను ఒకటి, ఆ 1,034 లెక్క ఒకటి చాలు.