గంజాం ప్రహ్లాద నాటకం ఎలా నిలిచింది?

రాజాశ్రయం పోయినా ఒడిశాలోని గంజాంలో ప్రహ్లాద నాటకం ఎలా నిలిచిందని అడిగారు. పంతొమ్మిదవ శతాబ్దపు ఈ ఒడియా నాటకం జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరిట ప్రసిద్ధం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు జలంత్రకోటను శ్రీకాకుళం వైపు, ఈ నాటకం ఆడే ఊళ్లను చాలావరకు గంజాంలోని మా బరంపురం వైపు ఉంచింది.

నాటకాన్ని కాపాడింది భక్తేనని నా అభిప్రాయం. మెట్లుగా కట్టిన వేదికపై హిరణ్యకశిపుడు మద్దెల మోతకు ఎక్కుతూ దిగుతూ రాత్రంతా ఆడతాడు. నరసింహుని ముసుగు మాత్రం ఆటవస్తువు కాదు, దానికి పూజ జరుగుతుంది. తెల్లవారుజామున దాన్ని ధరించిన నటుడికి పూనకం వస్తే నలుగురు గట్టిగా పట్టుకోవాలి. మన వీధినాటకం చూసినవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు.