పదో తరగతి వీలునామా: వీడ్కోలు సభలో తమ్ముళ్లను, చెల్లెళ్లను నవ్వించేదెట్లా?

సంక్రాంతి సెలవులు దాటగానే బళ్లలో వీడ్కోలు సభల హడావుడి మొదలవుతుంది. ఈసారి శీర్షికకు వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దీని గురించే. అడిగిన విషయాలు కలిసినచోట రెండు మూడు ఉత్తరాలకు ఒకే జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా జెడ్పీ హైస్కూల్ల ఫేర్‌వెల్ నాడు పదో తరగతోళ్లు తమ బెంచీలు గట్ల తొమ్మిదోళ్లకు రాసిచ్చినట్టు సరదా వీలునామా చదువుడు ఆనవాయితీ. మేం రాద్దామని కూసుంటే రెండు లైన్లు దాటుతలేదు. ఎట్ల మొదలువెట్టాలె? ఎంత పొడుగుండాలె?
– పదో తరగతి విద్యార్థులు, పరకాల

జవాబు: ముందు ఒక పాత దస్తావేజు సంపాదించి చదవండి. భూమి కాగితమైనా సరే, ఇంట్లో తాతదో నాయినదో ఒకటి దొరుకుతుంది. అందులోని భాషే మీకు సగం పని చేసిపెడుతుంది. 'స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా', 'హద్దులు', 'దాన విక్రయాది సర్వహక్కులతో', 'పుత్రపౌత్ర పారంపర్యంగా', 'సాక్షులు', 'దస్తూరి' వంటి మాటలన్నీ ఏరి ఒక కాగితం మీద రాసుకోండి. ఇంత గంభీరమైన భాషలో విరిగిన బెంచీ గురించి చెబితే నవ్వు దానంతటదే వస్తుంది. మధ్యలో సినిమా డైలాగులు కలపొద్దు. కలిపితే ఆ గాంభీర్యం పోతుంది, దానితోపాటు నవ్వూ పోతుంది.

ఒక్క మాట మాత్రం మార్చాలి. అసలు వీలునామాలో 'నా మరణానంతరం' అని ఉంటుంది. పిల్లలు స్టేజీ మీద ఆ మాట అంటే తల్లిదండ్రులకు, టీచర్లకు మనసున పట్టదు. దాని బదులు 'మేము టీసీ తీసుకున్న తదనంతరం' అని రాయండి. భయం పోతుంది, నవ్వూ పెరుగుతుంది.

ఆ తర్వాత ఆస్తుల జాబితా. పది మంది కలిసి బడి అంతా ఒకసారి చుట్టి రండి. మీ బడిలో మాత్రమే ఉన్నవి రాయండి. మూడుసార్లు తిప్పితేగానీ రాని నల్లా, ఎండాకాలం నీడ ముందుగా పడే వేపచెట్టు మూల, గొళ్లెం పడని కిటికీ, గంట వినిపించని గది ఇట్లాంటివి. 'మా అల్లరి మీకు ఇస్తున్నాం', 'మా జ్ఞాపకాలు మీకు ఇస్తున్నాం' అని రాస్తే ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఆ మాట ఏ బడికైనా సరిపోతుంది. స్థిరాస్తులు, చరాస్తులు, అప్పులు అని మూడు భాగాలు చేస్తే రాయడం తేలిక. ఒక నమూనా ఇస్తున్నాం, మీ బడికి తగ్గట్టు మార్చుకోండి:

'పదో తరగతి ఏ సెక్షన్ నివాసులమగు మేము, ప్రీఫైనల్ పరీక్షలు పోగా మిగిలిన స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఏమనగా: మా ఉమ్మడి స్వాధీనంలోని చివరి బెంచీకి హద్దులు – తూర్పున కిటికీ, పడమర నడిచే దారి, ఉత్తరాన చీపురుకట్ట, దక్షిణాన లెక్కల సారు చూపు. ఈ హద్దుల్లోని బెంచీని మేము టీసీ తీసుకున్న తదనంతరం తొమ్మిదో తరగతి తమ్ముళ్లు అనుభవించవలసినది. ఎడమ కాలు కింద పెట్టిన అట్టముక్క కూడా ఇందులో చేరినదే. అది తీసినచో కలుగు నష్టమునకు మేము బాధ్యులము కాము. బెంచీ సర్కారుది గనుక దాన విక్రయాది హక్కులు లేవు.'

అట్టముక్క మాట గమనించండి. జోకు చెబుతూనే తర్వాత కూర్చునేవాడికి పనికొచ్చే సంగతి ఇచ్చారు. ప్రతి అంశంలోనూ తమ్ముళ్లకు నిజంగా పనికొచ్చేది ఒకటి ఉండాలి. ఏ నల్లాలో నీళ్లు చల్లగా వస్తాయి, లైబ్రరీలో ఏ అరలో పాత ప్రశ్నపత్రాలున్నాయి, రికార్డు దిద్దించుకోవడానికి ఏ పీరియడ్‌లో వెళ్లాలి వంటివన్నమాట. ఉత్త వెక్కిరింపు సభ అయ్యాక గుర్తుండదు. ఇట్లాంటి ఆస్తిని మాత్రం జూన్‌లో బడి తెరిచిన రోజున వెతుక్కుంటారు.

అప్పుల భాగం వదలొద్దు. 'లైబ్రరీకి బాకీ ఉన్న పుస్తకాలు ఈ సభలోనే చెల్లిస్తున్నాం' అని చదివి, వాటిని అక్కడే సారు చేతికి ఇవ్వండి. టీసీ సమయంలో ఎట్లాగూ అడుగుతారు.

పొడవు సంగతి. నవ్వులకు ఆగుతూ చదివితే నిమిషానికి ఎనభై, తొంభై మాటలకు మించవు. కాబట్టి 400 మాటలంటే దాదాపు 5 నిమిషాలు. అది చాలు. ఏడెనిమిది అంశాలు పెట్టుకుని, అన్నిటికన్నా బాగున్నదాన్ని చివరికి, రెండో మంచిదాన్ని మొదటికి ఉంచండి. పీలగా ఉన్నవి మధ్యలోకి నెట్టడం కన్నా కొట్టేయడమే మేలు.

స్టాంపు పేపరు కొనకండి. అసలు వీలునామాకే స్టాంపు పేపరు అవసరం లేదు, తెల్ల కాగితం సరిపోతుంది. చట్టం ప్రకారం ఇద్దరు సాక్షులు మాత్రం ఉండాలి. మీ కాగితం మీద పీఈటీ సారుతో, మధ్యాహ్న భోజనం వండే అక్కతో సాక్షి సంతకాలు చేయించండి, వాళ్లూ సభలో భాగమవుతారు. ఏ4 కాగితాలు నాలుగైదు కొసకు కొస అంటించి చుట్టగా చుడితే, విప్పగానే కాళ్ల దాకా జారి మొదటి నవ్వు తెస్తుంది. అంటించాక రాత్రంతా పుస్తకాల బరువు కింద ఆరనివ్వండి. తడిగా చుడితే పొరలు అతుక్కుని విప్పేటప్పుడు చిరుగుతాయి. కింది అంచుకు ఒక స్కేలు అంటించండి, లేకపోతే కాగితం మళ్లీ పైకి చుట్టుకుంటుంది.

ప్రశ్న: పదో తరగతిలో అందరికీ బిరుదులు ఇచ్చే బాధ్యత నాది. పోయినేడు ఒక అక్క తన బిరుదు విని ఏడ్చిందట. ఈసారి అట్ల కావద్దు.
– విద్యార్థిని, హుజూరాబాద్

జవాబు: ఏడుపు తెచ్చే బిరుదులన్నీ దాదాపు ఐదు చోట్ల నుంచే వస్తాయి: ఒళ్లు, రంగు, కులం, మార్కులు, అబ్బాయి పేరు పక్కన అమ్మాయి పేరు. ఈ ఐదింటినీ పూర్తిగా మూసేయండి. 'సరదాకే కదా' అన్నా ఒప్పుకోవద్దు. చివరిది అన్నిటికన్నా చెడ్డది. స్టేజీ మీద రెండు పేర్లు కలిపి అన్న మాట సాయంత్రానికి ఊరికి చేరుతుంది. ఆ అమ్మాయిని ఇంటర్‌కు కాలేజీకి పంపాలా వద్దా అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. రెండు నిమిషాల నవ్వు కోసం ఒకరి చదువును పణం పెట్టకూడదు.

మనిషి ఎట్లా ఉన్నాడన్నది వదిలి, ఏం చేస్తాడన్నది చూస్తే మంచి బిరుదు దొరుకుతుంది. ఎవరడిగినా పెన్ను ఇచ్చేవాడు 'పెన్నుల బ్యాంకు మేనేజర్'. వాన రాగానే కిటికీలు మూయడానికి లేచే అమ్మాయి 'వానాకాలం మంత్రి'. రోజూ ఊరి నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవాడు 'పల్లెవెలుగు ప్రత్యేక ప్రతినిధి'. అయితే వాడు నిజంగా బస్సు సంగతులు హుషారుగా చెప్పేవాడైతేనే ఇవ్వండి, ఆలస్యానికి రోజూ తిట్లు తినేవాడైతే వద్దు.

మూడు రోజుల ముందే ఎవరి బిరుదు వాళ్లకు విడిగా చూపించండి. చప్పున నవ్వితే ఉంచండి. 'సరేలే' అంటే మార్చండి, ఎందుకంటే ఆ మాటకు అర్థం వద్దనే. తరగతిలో ఒక్కరు కూడా మిగలొద్దు. బిరుదు రాకపోవడం చెడ్డ బిరుదు కన్నా ఎక్కువ నొప్పి. హాజరు పట్టీ దగ్గర పెట్టుకుని రాస్తే ఎవరూ జారిపోరు.

ప్రశ్న: సార్లను, టీచర్లను మిమిక్రీ చేయవచ్చా? మా హెడ్‌మాస్టర్ సారు కొంచెం కోపిష్టి.
– తొర్రూరు

జవాబు: చేయవచ్చు, కానీ ఆ సారుకు ముందే చూపించాలి. వద్దంటే ఆ ముక్క తీసేయాలి. అనుకరించాల్సింది అలవాటును: సుద్దముక్కను రెండుగా విరిచే తీరు, 'అర్థమైందా?' అని అడిగి జవాబు కోసం ఆగకుండా ముందుకు పోయే తీరు. నడకలో కుంటు, మాటలో నత్తి, చీర, బట్టతల జోలికి పోవద్దు. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు, మొత్తం నలుగురికి మించొద్దు. కొత్తగా బదిలీ మీద వచ్చిన టీచర్లను వదిలేయండి, పిల్లలకు వాళ్ల అలవాట్లు ఇంకా ఎక్కలేదు గనుక నవ్వు రాదు.

హెడ్‌మాస్టర్ సారు గురించైతే, సారును అనుకరించే బదులు సారు వరండాలోకి వస్తే తరగతి ఎట్లా మారిపోతుందో చూపించండి. పడుకున్నవాడు లేవడం, పుస్తకం తలకిందులుగా పట్టుకోవడం, ఒక్కసారిగా నిశ్శబ్దం. నవ్వంతా పిల్లల మీదికే వస్తుంది, సారు కూడా నవ్వుతారు.

ప్రశ్న: మా బడిలో దాదాపు 250 మంది పిల్లలు. సభ పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. చివరికి హాస్య కార్యక్రమం వచ్చేసరికి సగం మంది వెళ్లిపోతారు. మైకు కూడా కుయ్యిమంటుంది. ఏం చేయాలి?
– ఉపాధ్యాయురాలు, మహబూబాబాద్

జవాబు: హాస్యాన్ని చివర్లో పెట్టడమే అసలు లోపం, మేడమ్. అతిథుల ప్రసంగాలకు అరగంట హద్దు పెట్టి, వెంటనే వీలునామా చదివించండి. బిరుదులు, పాటలు, డ్యాన్సులు ఆ తర్వాత. ఏడుపు వచ్చే మాటలు, జ్ఞాపికలు చివరికి ఉంచాలి. ఏడ్చిన పిల్లలను మళ్లీ నవ్వించడం ఎవరి వల్లా కాదు. మొత్తం రెండున్నర గంటలు దాటొద్దు. మధ్యాహ్న భోజనం కాగానే మొదలుపెడితే ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు బస్సు వేళకు బయటపడతారు.

స్వపరిపాలన దినం, వీడ్కోలు ఒకేరోజు పెట్టకండి. పొద్దంతా టీచర్లుగా పాఠాలు చెప్పి గొంతు పోగొట్టుకున్న పిల్లలే మధ్యాహ్నం స్టేజీ ఎక్కాల్సి వస్తుంది. తేదీ విషయంలో పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయన్నది లెక్కలో పెట్టుకుని (2025లో మార్చి 21న మొదలయ్యాయి) కనీసం మూడు వారాల ఎడం ఉంచండి. మేడారం జాతర జరిగే ఏడాదైతే మాఘమాసంలో ఆ వారం పూర్తిగా వదిలేయండి. మీ వైపు బస్సులూ అటే, మనుషులూ అటే.

మైకు కుయ్యిమనడానికి కారణం బాక్సుల శబ్దం తిరిగి మైకులోకే చేరడం. బాక్సులను స్టేజీ వెనక గోడకు ఆనించకుండా, మైకుకన్నా ముందుకు జరిపి జనం వైపు తిప్పండి. అప్పటికీ ఆగకపోతే శబ్దం కొంచెం తగ్గించి, చదివేవాళ్లను మైకుకు నాలుగు వేళ్ల దూరంలో నిలబెట్టండి. మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత ఇంకా పెరుగుతుంది. పిల్లలు టీవీలో చూసి అట్లాగే పట్టుకుంటారు, ముందే చెప్పండి.

ప్రశ్న: బతుకమ్మ పాట బాణీలో వీడ్కోలు పాట కట్టొచ్చా?
– అక్కాచెల్లెళ్లు, జగిత్యాల

జవాబు: తప్పకుండా. ఊళ్లో అందరికీ తెలిసిన బాణీ గనుక సభంతా 'ఉయ్యాలో' అందుకుంటుంది, రిహార్సల్ అక్కర్లేదు. దేవతల పేర్లున్న పాట మాటలు మార్చకుండా, బాణీ మాత్రం తీసుకుని కొత్త మాటలు కట్టండి. పాదం చిన్నగా ఉండాలి, రెండు మూడు మాటలు చాలు. ఎక్కువైతే ఊపిరి అందదు. ఇట్లా:

మూలనున్న నల్లాను ఉయ్యాలో
ముమ్మారు తిప్పాలె ఉయ్యాలో
రెండుసార్లు తిప్పితే ఉయ్యాలో
రెక్కంత తడిసేను ఉయ్యాలో

మాటలు ఇంట్లో మాట్లాడే తీరులోనే ఉంచండి. 'తిప్పవలెను' అంటే పాట బిగుసుకుపోతుంది. ఆరు చరణాలు చాలు. ఒకరు అందుకుని పది మంది వంత పాడితే మైకు లేకున్నా వెనక వరుస దాకా వినిపిస్తుంది.

ప్రశ్న: తెల్లచొక్కాల మీద దోస్తులతో సంతకాలు చేయించుకుంటమంటున్నరు పిల్లలు. చొక్కా ఖరాబయితదని మా భయం.
– ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: ఖరాబవుతుందమ్మా, స్కెచ్ పెన్నుల రంగు చెమటకే కారుతుంది, మార్కర్ రంగు మాత్రం పోదు. పిగిలిపోయిన పాత చొక్కా ఉంటే అది ఇవ్వండి. లేదంటే తరగతి అంతా కలిసి రెండు మీటర్ల తెల్ల గాడా బట్ట కొని, బల్ల మీద బిగువుగా పరిచి, కింద అట్ట వేసి పర్మనెంట్ మార్కర్‌తో రాయించమనండి. అట్ట లేకపోతే రంగు బల్లకు దిగుతుంది. బట్ట ముడతలు పడితే అక్షరం పాకుతుంది.

ప్రశ్న: అన్నలు, అక్కలు వీలునామా చదివినంక మేం ఉత్తగ చప్పట్లు కొట్టి కూసుంటే బాగుండదు కదా? మేమేం చెప్పాలె?
– తొమ్మిదో తరగతి, హన్మకొండ

జవాబు: 'స్వీకార పత్రం' చదవండి, నిమిషంన్నర చాలు. వాళ్లు ఏం రాస్తున్నారో ముందే తెలియదు గనుక మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం రాసి పెట్టుకుని మధ్యలో ఖాళీ వదలండి. ఒకరు ముందు వరుసలో కూర్చుని, వాళ్లు చదువుతుండగానే రెండు ఆస్తుల పేర్లు రాసుకుని ఆ ఖాళీలో నింపాలి. అప్పటికప్పుడు రాసిన జవాబని సభకు తెలిసిపోతుంది, నవ్వు రెట్టింపవుతుంది.

ఒక అభ్యంతరం కూడా పెట్టండి: 'బెంచీ కింద అంటించిన బబుల్‌గమ్ ఆస్తి కిందికి రాదు, స్వాధీనం చేసేలోపు గీకి ఇవ్వవలసినది.' వాళ్లు ఒప్పుకున్నట్టు అక్కడే సంతకం తీసుకోండి. తర్వాత రెండు కాగితాలనూ లామినేషన్ చేయించి బీరువాలో పెట్టమని క్లాస్ టీచర్‌కు ఇవ్వండి. వచ్చే ఏడు మీరు వీలునామా రాసేటప్పుడు అందులో ఉన్న జోకులు మళ్లీ రాయకుండా చూసుకోవడానికి అవి కావాలి.