ఓటీపీ సరిగ్గా కొట్టినా సర్వర్ ఎందుకు ఒప్పుకోదు?

హనుమకొండలోని ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌లోకి సురక్షితంగా ప్రవేశించే పద్ధతి) ద్వారా ఆఫీసు లైనక్స్ సర్వర్‌లోకి వెళ్లబోతే, ఫోన్ యాప్ చూపే ఆరంకెల కోడ్ ప్రతిసారీ తిరస్కరణకు గురవుతోందని మీరు అడిగారు. ఇలాంటి సందర్భాల్లో నేను మొదట అనుమానించేది గడియారాన్నే.

ఈ కోడ్ ఎవరో పంపేది కాదు. ఫోన్, సర్వర్ రెండూ తమ దగ్గరున్న ఒకే రహస్య కీని, అప్పటి సమయాన్ని కలిపి, సాధారణంగా 30 సెకన్లకొకసారి విడివిడిగా లెక్కిస్తాయి. కాబట్టి ఒకదాని గడియారం రెండు మూడు నిమిషాలు తప్పినా లెక్క కుదరదు. లెక్కకు తీసుకునేది యూటీసీ, అంటే మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం గనుక టైమ్ జోన్ తేడా వల్ల నష్టం లేదు. కానీ జోన్‌ను యూటీసీగానే వదిలేసి, తెరపై మన సమయం కనిపించాలని ఎవరైనా గడియారాన్ని చేత్తో ముందుకు జరిపితే, అసలు సమయం ఐదున్నర గంటలు తప్పుతుంది. ఈ పొరపాటు కంటికి ఆనదు. క్రోనీ వంటి సేవతో సర్వర్ సమయాన్ని సరిచేయించండి. ఫోన్‌లో ఆటోమేటిక్ సమయాన్ని ఆన్ చేయండి.

సమయం సరిపోయినా ఫలితం లేకపోతే, సర్వర్‌లో కీని మళ్లీ సృష్టించారేమో కనుక్కోండి. అలా జరిగితే ఫోన్‌లోని పాత ఖాతా పనికిరాదు. అసలు కోడ్ అడగనే అడగకపోతే, తప్పు పామ్ (లైనక్స్‌లో లాగిన్ తనిఖీలు చూసే భాగం) లేదా ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగుల్లో ఉన్నట్టు. వాటిని మార్చేటప్పుడు ఇప్పటికే తెరిచివున్న ఒక సెషన్‌ను మాత్రం మూయకండి; మార్పు బెడిసికొడితే మళ్లీ లోపలికి వెళ్లే దారి అదే.