నేచురల్ థిన్నరే వాడుతున్నా వేళ్ల మధ్య పొక్కులు ఎందుకు?

నారింజ తొక్క నూనెతో చేసిన థిన్నర్‌కి (ఆయిల్ పెయింట్ పల్చన చేసి, బ్రష్‌లు కడిగే ద్రవం) మారాక చేతులు పొక్కుతున్నాయనీ, కెమికల్ లేనిది కూడా పడకపోవడం ఏంటనీ అడిగారు. పడకపోవచ్చండీ. నాదీ ఇదే కథ, కాకపోతే నాది టర్పెంటైన్.

ఆయిల్ పెయింటింగ్ మొదలెట్టాక ఆరేళ్లు ఏమీ కాలేదు. ఏడో ఏడు ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దురద మొదలైంది. బ్రష్ పట్టేది కుడిచేత్తో కదా! బ్రష్ తుడిచే గుడ్డ ఉండేది ఎడమచేతిలో అని నాకు తట్టడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా అమ్మ వేపాకు, పసుపు నూరి పెట్టింది. మెడికల్ షాపతను తామర అని ట్యూబ్ ఇచ్చాడు. అందులో స్టెరాయిడ్ ఉండబట్టి రాసినన్నాళ్లూ తగ్గేది, ఆపితే రెట్టింపయ్యేది. బొమ్మ వేసిన రోజు చెయ్యి బాగానే ఉండేది, మర్నాడో ఎల్లుండో సగ్గుబియ్యంలా నీటి పొక్కులు లేచేవి. అందుకే అనుమానం సీసా మీదకి పోలేదు.

చివరికి స్కిన్ డాక్టరు ఒంటికి ఏది పడట్లేదో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేశారు. అనుమానం ఉన్న పదార్థాలు ఒక్కొక్కటీ పెట్టిన చిన్న బిళ్లలు వీపుకి అతికించి 48 గంటలు తడపనివ్వరు (ఎండాకాలంలో పెట్టుకోకండి, చెమటకి ఊడొస్తాయి). అవి తీశాక ఒకసారి, తర్వాత రెండు రోజులకి మళ్లీ చూస్తారు. నాకు టర్పెంటైన్ దగ్గరా, రోజిన్ దగ్గరా ఎర్రగా ఉబ్బింది. రెండూ పైన్ చెట్టు జిగురువే. జిగురుని మరిగించి ఆవిరి పడితే టర్పెంటైన్, అడుగున గడ్డకట్టేది రోజిన్. కొన్ని ప్లాస్టర్ల అంటులోనూ రోజిన్ ఉంటుందట. నేనేమో పగిలిన చోటల్లా ప్లాస్టర్ వేసుకుంటూ వచ్చాను!

మీ విషయంలో నా అనుమానం సీసా పాతబడిందని. నారింజ నూనెలో ఉండే లిమోనిన్ తాజాగా ఉన్నప్పుడు అంత ఇబ్బంది పెట్టదు. గాలి తగిలేకొద్దీ అందులో హైడ్రోపెరాక్సైడ్లనే పదార్థాలు తయారవుతాయి, ఎలర్జీ తెచ్చేవి ముఖ్యంగా అవే. టర్పెంటైన్‌లోనూ జరిగేది ఇదే. నా సీసా రెండేళ్ల నాటిది, మూత వదులు, సగం గాలే. అలాగని ఇప్పుడు కొత్తది కొంటే సరిపోతుందనుకోకండి. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక ఆ గుణం సాధారణంగా పోదు, కొంచెం తగిలినా మళ్లీ లేస్తుంది.

నేను ఇప్పుడు బ్రష్‌లు కుసుమ నూనెలో జాడించి, సబ్బుతో కడుగుతున్నాను. నైట్రైల్ గ్లోవ్స్ వేసుకుంటాను, తడిస్తే వెంటనే మార్చేస్తాను. పల్చటి రబ్బరువి వేసుకుంటే థిన్నర్ లోపలికి ఇంకిపోతుంది. నూనె గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గుడ్డలైతే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి కూడా.

గిన్నెలు తోమే లిక్విడ్, సెంటు, నొప్పి బామ్ డబ్బాల మీద కూడా చదవండి. లిమోనిన్, టర్పెంటైన్ ఆయిల్ అక్కడా కనిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ థిన్నర్ సీసా లేబుల్‌తో సహా పట్టుకెళ్లండి, నేను వట్టి చేతులతో వెళ్లి రెండోసారి తిరిగాను.