పడమటి కిటికీకి ఫిల్ము వేయించే ముందు

చిరంజీవి మేనకోడలికి,

చిత్తూరు నుంచి మామయ్య ఆశీస్సులు. తిరుపతి ఫ్లాటులో ఎండ వేడి ఆపడానికి అన్ని కిటికీల అద్దాలకూ నల్ల ఫిల్ము వేయిస్తానని రాశావు. తొందరపడకమ్మా. 30 ఏళ్ళు అద్దాల కొట్టు నడిపినవాణ్ణి, నా మాట విను. ముందు పడమటి కిటికీ సంగతి చూడు. తిరుపతిలో ఏప్రిల్ చివరికే మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వచ్చి, మే నెలలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే ఆ రోజుల్లో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ పడదు. సాయంత్రపు ఎండ మాత్రం వాలుగా, సజ్జ కిందనుంచి గదిలోకి దూరుతుంది.

నలుపు చూసి మోసపోకు. ఎండ మోసుకొచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. రంగు అద్దిన చవక ఫిల్ము గదిని చీకటి చేస్తుంది కానీ వేడిని అంతగా ఆపదు. తాను పీల్చుకున్న వేడిలో కొంత మళ్ళీ గదిలోకే వదులుతుంది. లోహపు పూత ఉన్నది ఎండను తిప్పికొడుతుంది. సిరామిక్ రకం వెలుగును రానిచ్చి పరారుణాన్ని అడ్డుకుంటుంది. ఖరీదు ఎక్కువే, అయినా ఆ పడమటి గది పిల్లలు చదువుకునేది, నేనైతే సిరామిక్ రకమే వేయిస్తాను. కొట్టులో రెండే అడుగు: మొత్తం సౌరశక్తిలో ఎంత శాతం ఆపుతుంది, వెలుగు ఎంత శాతం వస్తుంది? పరారుణం 90 శాతం ఆపుతుందంటే మొత్తం వేడి 90 శాతం ఆగినట్టు కాదు.

అద్దంలా మెరిసే ఫిల్ము పగలే చాటు. రాత్రి లోపల దీపం వెలిగిస్తే బయటివాళ్ళకు ఇల్లంతా కనిపిస్తుంది, తెర ఉండాల్సిందే. మంచి ఫిల్ము అతినీలలోహిత కిరణాలను 99 శాతం ఆపుతుంది. అయినా శ్రీకాళహస్తి కలంకారీని ఆ కిటికీ ఎదుటి గోడకు తగిలించకు. వెలుగుకూ రంగు వెలుస్తుంది.

అంచు చితికిన అద్దానికి ముదురు ఫిల్ము అంటించి, ఆ అద్దం వేడికి నిలువునా పగలడం నేను కళ్ళారా చూశాను. అందుకే ముందు అంచులు చూసుకోవాలి. అతికించాక కొన్ని వారాలు నీటి బుడగలు కనిపిస్తాయి, గుచ్చకు, అవే ఆరిపోతాయి. అమ్మోనియా ఉన్న ద్రవంతో తుడవకు.

ఈలోగా కిటికీకి బయటివైపు వెదురు తడక కట్టి చూడు. ఎండ అద్దాన్ని తాకకముందే ఆగుతుంది. దానితోనే గది చల్లబడితే ఫిల్ము ఖర్చే ఉండదు. పడమటి అద్దం నాలుగు అంచులూ ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ మామయ్య