పాత వించెస్టర్ 94కి కొత్త బ్లూయింగ్ వద్దు

తాతగారి వించెస్టర్ 94 రైఫిల్ రంగు వెలిసిపోయింది, మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకి రసాయనాలతో నలుపు-నీలం రంగు తెప్పించడం) చేయించాలా అని అడిగారు కదా. వద్దండీ! రిసీవర్ (బ్యారెల్ వెనక, పేల్చే యంత్రాంగం ఉండే లోహపు భాగం) అడుగున, సరిగ్గా చెయ్యి పట్టే చోట లోహం బూడిద రంగు తేలిందంటే అది ఏళ్లపాటు అడవుల్లో మోసిన గుర్తు. కొత్త బ్లూయింగ్ కోసం పాలిష్ పెడితే చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి, కలెక్టర్లు మొహం తిప్పేస్తారు.

ముందు తూటాలు లేవని చూసుకోండి, ఛాంబర్‌లోనే (తూటా పేలే గది) కాదు, తూటాలు నింపే బ్యారెల్ కింది గొట్టంలో కూడా. తర్వాత రిసీవర్ కింద సీరియల్ నంబర్ చదవండి. 27 లక్షల లోపైతే 1964 మార్పులకు ముందుది. ఆ తర్వాత ఖర్చు తగ్గించడానికి కొన్ని భాగాలు స్టాంపింగ్‌కి (రేకుని అచ్చుతో నొక్కి చేయడం) మారాయి, అందుకే పాతవాటికి అంత మోజు.

పైపై తుప్పుకి మెత్తటి గుడ్డ, రెండు చుక్కల గన్ ఆయిల్ చాలు. కాల్చే ఆలోచన ఉంటే ముందు గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవారికి) చూపించండి. మొన తేలిన మామూలు తూటాలు మాత్రం ఆ గొట్టంలో పెట్టకండి, ముందున్నదాని ప్రైమర్‌ని (తూటా వెనక ఉండే, దెబ్బ తగిలితే మందుని అంటించే భాగం) పొడిచి పేలే ప్రమాదం ఉంది.