పాలపుంత పళ్లేనికి పైనున్న మేఘాల్లో పరమాణువులు అణువులుగా ఎలా మారతాయి?

అనంతపురంలో బీఎస్సీ చదివే తమ్ముడొకరు ఇలా అడిగారు. పళ్లెం అంటే మన పాలపుంతలో నక్షత్రాలు, వాయువు ఎక్కువగా ఉండే చదునైన భాగం. కీలకమంతా ధూళిలో ఉంది. ఖాళీలో రెండు హైడ్రోజన్ పరమాణువులు ఢీకొన్నా జత నిలవదు, ఎందుకంటే అప్పుడు పుట్టే 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి బయటికి పోయే దారి ఉండదు. చల్లని ధూళి రేణువు మీదైతే ఒకటి అతుక్కుని ఉంటుంది, రెండోది జారుతూ వచ్చి కలుస్తుంది. మిగులు శక్తిలో కొంత రేణువు తీసుకుంటుంది, అణువు విడిపడి ఎగిరిపోతుంది. ఎంత అందమైన ఏర్పాటో!

కానీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి ఆ అణువుల్ని విరగ్గొడుతుంది. మేఘం చిక్కబడితే బయటి పొరలోని అణువులే ఆ కాంతిని మింగేసి లోపలివాటిని కాపాడతాయి.

పైనున్న మేఘం చిక్కబడేది ఎలాగంటే, పళ్లెం వైపు పడుతూ అక్కడి వాయువును గుద్దుకుని. డ్రాకో నక్షత్రరాశి దిక్కున ఉన్న డ్రాకో నెబ్యులా అనే మేఘం అలాంటిదే. జూన్ మొదట్లో అర్ధరాత్రి అనంతపురం నుంచి సరిగ్గా ఉత్తరంగా చూస్తే అది ఉన్న దిక్కే, మేఘం మాత్రం కంటికి ఆనదు. చల్లని హైడ్రోజన్ అణువులు దాదాపుగా ఏమీ వెలువరించవు కాబట్టి, రేడియో టెలిస్కోపులు వాటితో పాటు ఉండే కార్బన్ మోనాక్సైడ్ వెలువరించే 2.6 మిల్లీమీటర్ల తరంగాన్ని వెతుకుతాయి. డ్రాకోలో అది దొరికింది. ధూళి బాగా తక్కువున్న అతివేగ మేఘాల్లో (పళ్లెం తిరిగే తీరుతో పొంతనలేని వేగంతో కదిలేవాటిలో) మాత్రం అణువులు చాలా అరుదు.